పక్క చేనులో ఏం పెట్టిండ్రు?

మా మేనమామది వరంగల్ పక్కన ఒక ఊరు. నాలుగెకరాల పత్తి. రెండు రేగడి, రెండు చల్క. మిరుగం దగ్గర పడుతోందంటే ఆ ఊళ్ళో ఎవరు ఎవరికి ఎదురుపడ్డా ముందు అడిగేది బాగోగులు కాదు, "ఏం గింజ తెచ్చినవ్?" అని. 2009 వేసవిలో, ఇంజినీరింగ్ సెలవుల్లో, నేనూ ఆయనతో పాటు మండల కేంద్రంలో విత్తనాల దుకాణానికి వెళ్ళాను. దుకాణం ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. అందరికీ ఒకటే పేరు కావాలి. షావుకారు ఆ ప్యాకెట్లు అయిపోయాయంటాడు, పక్కనున్నది చూపించి అదీ ఇదీ ఒకటే అంటాడు. ఎవరూ కదలరు.

"ఆ గింజే ఎందుకు మామా?" అని అడిగాను.

"అందరు అదే పెడుతుండ్రు గదా అల్లుడా."

"వాళ్ళెందుకు పెడుతున్నారు?"

నన్ను కాస్త జాలిగా చూసి, కిందటేడు ఊళ్ళో ఒక పెద్ద రైతుకు ఆ గింజతోనే ఎకరానికి పన్నెండు క్వింటాళ్ళు ఎల్లిందని చెప్పాడు. ఆ పెద్ద రైతు చేనుకు రెండు బోర్లున్నాయి. మా మామ చల్కకు ఆకాశమే బోరు. ఈ మాట అన్నాను. అప్పుడే ప్రాబబిలిటీ పేపర్ రాసి వచ్చిన కుర్రాణ్ణి, ఒక్క చేను ఫలితం చూసి ఊరంతా ఎగబడటం ఎంత అశాస్త్రీయమో వివరించాను కూడా. నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని, నీళ్ళు లేని తేలికనేలలకు నప్పుతుందని రాసి ఉన్న వేరే గింజ పేరు పట్టుకొచ్చాను. చదువుకున్న అల్లుడన్న గౌరవంతో ఆయన రెండెకరాల చల్కలో అదే పెట్టాడు. ఊళ్ళో ఆ గింజ పెట్టింది ఆయనొక్కడే.

2009లో వానలు ఎలా పడ్డాయో గుర్తున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందరి చేలూ ఎండాయి. కానీ ఊరి పంట పోతే తప్పు వాన మీదికి పోయింది, మా మామ పంట పోతే గింజ మీదికి పోయింది. గింజ మీద నుంచి దాన్ని చెప్పినవాడి మీదికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మామ ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం ఆ సంక్రాంతికి, నా పళ్ళెంలో అరిసెలు వేస్తూ, "నలుగురు పోయిన తొవ్వల పోతే ఏమయితుండె" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

ఎవరు ఎవరిని చూసి ఏం కొంటారన్న దాని మీద సామాజికశాస్త్రంలో జరిగిన తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటి విత్తనాల మీదే జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. సెల్‌ఫోన్లూ బూట్లూ ఆ తర్వాత వచ్చిన ముచ్చట్లు. మొదటిది మొక్కజొన్న.

అమెరికాలో అయొవా రాష్ట్రం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ ఊరూరా మొక్కజొన్న పోటీలు జరిగేవి. కంకి పొడుగు, గింజల వరస, రంగు, మొత్తంగా అందం చూసి బహుమతి ఇచ్చేవారు. బహుమతి వచ్చిన కంకి విత్తనానికి గిరాకీ. హెన్రీ వాలెస్ అనే పదహారేళ్ళ కుర్రాడికి దీని మీద అనుమానం వచ్చింది. 1904లో అందమైన కంకుల గింజల్నీ అందం లేనివాటినీ విడివిడిగా నాటి, పంట తూచి చూశాడు. అందానికీ దిగుబడికీ సంబంధం కనిపించలేదు. ఊరంతా ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూసుకుంటూ ఎన్నుకుంటున్నది పంటను కాదు, చూపును. ఈ కుర్రాడే పెద్దయ్యాక 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల కంపెనీ పెట్టాడు. తర్వాత వ్యవసాయ మంత్రి, ఆ తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. (పదహారేళ్ళకు ఆయన చేసిన పనీ పందొమ్మిదేళ్ళకు నేను చేసిన పనీ ఒకటే అనుకుని కొన్నాళ్ళు మురిశాను. కాదు. ఆయన నాటి, కోసి, తూచాడు. నేను నెట్‌లో చదివాను.)

హైబ్రిడ్ విత్తనంతో ఒక చిక్కుంది. దాని పంటలోంచి గింజ తీసి మళ్ళీ నాటితే అదే దిగుబడి రాదు. ఏటా కొనాల్సిందే. అంటే తరతరాలుగా తన గాదెలోంచే విత్తనం తీసుకున్న రైతు మొదటిసారి దుకాణానికి వెళ్ళి నిలబడ్డాడు. విత్తనం అలా సరుకైంది, రైతు వినియోగదారుడయ్యాడు. 1928 ప్రాంతంలో మొదలై పదమూడేళ్ళలో, మధ్యలో మహామాంద్యం ఉన్నా, అయొవా దాదాపు మొత్తంగా హైబ్రిడ్‌కు మారిపోయింది. ఎలా?

1941లో బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు ఈ ప్రశ్న పట్టుకుని రెండు గ్రామ సముదాయాల్లో 259 మంది రైతుల్ని అడిగారు. గ్రాస్ అప్పటికి విద్యార్థి. మిల్వాకీలో పెరిగిన పట్నం పిల్లాడు, సేద్యం తెలియదు. రైతులు పొద్దున్నే లేస్తారని ఎవరో చెబితే, మొదటి రోజు ఆరింటికే చీకట్లో ఒకరి ఇంటిముందు ప్రత్యక్షమయ్యాడట. చీకటి పడేలోపు ఇరవై ఒక్కమందిని అడిగేశాడు. 1943లో వచ్చిన వాళ్ళ వ్యాసంలో నన్ను ఆపింది ఒక చిన్న తేడా. హైబ్రిడ్ గురించి మొదట ఎవరి ద్వారా విన్నారంటే ఎక్కువమంది చెప్పింది కంపెనీ సేల్స్‌మన్ అని. మరి కొనడానికి మనసు ఒప్పింది ఎవరివల్ల అంటే, పక్కింటి రైతు. చెవిన వేసింది అమ్మేవాడు, చేయి కదిలించింది పొరుగువాడు.

ఇంకో సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు. చివరికి మారిన రైతులు కూడా, చుట్టూ పదేళ్ళుగా హైబ్రిడ్ పండుతున్నా, ఒక్కసారే మొత్తం భూమిలో వేయలేదు. ముందు కొంచెం వేసి చూసుకున్నారు. పొరుగువాడి చేను చూసి కొన్నారు గానీ, సొంత చేను చూసుకుని నమ్మారు.

ఈ కథకు శాస్త్రం హోదా తెచ్చినవాడు ఎవెరెట్ రోజర్స్. 1962లో కొత్తవి ఎలా వ్యాపిస్తాయన్న దాని మీద ఆయన రాసిన పుస్తకం మార్కెటింగ్ వాళ్ళకు పెద్దబాలశిక్ష లాంటిది. 'ఎర్లీ అడాప్టర్' అని మనం ఆఫీసుల్లో రోజూ వాడే మాట వాడుకలోకి వచ్చింది దానిలోంచే. రోజర్స్ కూడా అయొవా రైతుబిడ్డ. వాళ్ళ నాన్నకు యంత్రాలంటే ప్రాణం, హైబ్రిడ్ గింజంటే అనుమానం. చుట్టుపక్కలవాళ్ళు వేస్తున్నా ఎనిమిదేళ్ళు మొండికేశాడు. 1936లో కరువొచ్చింది. పక్కవాళ్ళ హైబ్రిడ్ నిలబడింది, వీళ్ళ మొక్కజొన్న వాలిపోయింది. ఆ తర్వాత మారాడు. ఇది చదివినప్పుడు మా మామ చల్క గుర్తొచ్చింది. కరువు రెండుచోట్లా పరీక్ష పెట్టింది. అక్కడ గుంపు గెలిచింది, ఇక్కడ ఎవరూ గెలవలేదు. రెండుచోట్లా తలొంచుకోవాల్సి వచ్చింది మాత్రం విడిగా నిలబడినవాడికే.

ఆర్థికశాస్త్రం వాళ్ళు పొరుగింటి కథను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. జ్వీ గ్రిలికస్ 1957లో రాష్ట్రాలవారీ లెక్కలు తీసి, ఎక్కడ లాభం ఎక్కువో అక్కడ తొందరగా మారారు, రైతుకు లెక్క తెలుసు అన్నాడు. (లిథువేనియాలో పుట్టి, నాజీల డాకావ్ క్యాంపు నుంచి బతికి బయటపడ్డ మనిషి అమెరికా మొక్కజొన్న లెక్కలతో పేరు తెచ్చుకోవడం చరిత్ర చేసే విచిత్రాల్లో ఒకటి.) లాభమా, పొరుగువాడా అని తర్వాత కొన్నేళ్ళు వాదించుకున్నారు. నాకు ఆ వాదన కన్నా ఇంకో కథ ముఖ్యమనిపిస్తుంది. 1950లలో ఇలినాయ్ రాష్ట్రంలో నాలుగు ఊళ్ళ డాక్టర్ల మీద కోల్‌మన్, కాట్జ్, మెంజెల్ ఒక అధ్యయనం చేశారు. కొత్తగా వచ్చిన టెట్రాసైక్లిన్ మందును ఏ డాక్టరు ఎప్పుడు రాయడం మొదలుపెట్టాడు అని. స్నేహితులెక్కువున్న డాక్టర్లు ముందు మొదలుపెట్టారని తేలింది. అంత చదువుకున్నవాళ్ళు కూడా తోటివాళ్ళను చూసే మందు రాస్తారని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2001లో వాన్ డెన్ బుల్ట్, లిలియన్ ఆ డేటానే మళ్ళీ తీసి, మందుల కంపెనీల ప్రచారాన్ని కూడా లెక్కలో కలిపారు. తోటివాళ్ళ ప్రభావం మాయమైపోయింది. పాత అధ్యయనానికి డబ్బిచ్చింది కూడా ఒక మందుల కంపెనీయే.

పొరుగువాడిని చూసి కొన్నట్టు కనిపిస్తున్నప్పుడు పొరుగువాడి వెనక ఎవరున్నారో కూడా చూడాలన్నమాట. ఇప్పుడు మళ్ళీ వరంగల్ వద్దాం.

పత్తిలో హైబ్రిడ్ మన దేశంలోనే మొదలైంది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ తెచ్చిన హైబ్రిడ్-4, వ్యాపారస్థాయిలో సాగైన తొలి పత్తి హైబ్రిడ్. కోస్తాలో పత్తి విపరీతంగా పెరిగింది. దానితోపాటు పురుగుమందూ పెరిగింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు మందుకు లొంగని స్థితి వచ్చి పంట పోయింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఈలోగా గుంటూరు నుంచి వలస వచ్చి తెలంగాణలో నల్లరేగళ్ళు కొన్న రైతుల్ని చూసి ఇక్కడివాళ్ళూ పత్తికి మళ్ళారు. పత్తి మా మామ ఊరికి వచ్చిందే పొరుగు చేను దాటి. పదేళ్ళకు, 1997-98లో, లద్దె పురుగుతో వరంగల్ పేరు దేశమంతా వినపడింది. వినపడకూడని కారణానికి.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ దాదాపు 1,600 రూపాయలు. మామూలు హైబ్రిడ్‌కు మూడింతల పైమాటే. మొదట్లో ఎవరూ ఎగబడలేదు. 2005కల్లా వరంగల్ జిల్లాలో వెల్లువలా వచ్చిపడింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం పోట్లాడి ధరను 750కి దింపించింది. కంపెనీ దృష్టిలో ఇది సూటిగా అర్థమయ్యే విజయం: రైతులు వాడి చూశారు, లాభం కనిపించింది, పక్కవాళ్ళకు చెప్పారు. అంటే అయొవా కథే మళ్ళీ.

ఇది నిజమేనా అని వరంగల్ పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగి చూసినవాడు గ్లెన్ డేవిస్ స్టోన్ అనే ఆంత్రొపాలజిస్టు. ఆయన అప్పట్లో పనిచేస్తున్న యూనివర్సిటీ సెయింట్ లూయిస్‌లో ఉంది. అప్పట్లో మోన్సాంటో హెడ్డాఫీసు ఉండిందీ ఆ ఊళ్ళోనే. 2007లో స్టోన్ రాసిన వ్యాసం నాకు 2009లో దొరికి ఉంటే నెట్ సెంటర్లో ఇంకాస్త తెలివిగా ప్రవర్తించేవాణ్ణేమో. బీటీ రాకముందు నుంచే వరంగల్ పల్లెల్లో విత్తనాల మోజులు అలల్లా వచ్చి పోతున్నాయని ఆయన చూపించాడు. ఒక ఊళ్ళో ఒక ఏడు ఒక పేరు మీద ఎగబడతారు. రెండేళ్ళకు ఆ పేరు ఎవరికీ పట్టదు. పక్క ఊళ్ళో అదే ఏడు వేరే పేరు. నేల వేరు కాదు, వాన వేరు కాదు. మోజు మాత్రమే వేరు. 2005లో బీటీ వెల్లువ కూడా ఈ అలల్లో ఒకటేనంటాడు. నమ్మకంగా తెలుసుకునే దారి మూసుకుపోయినప్పుడు మిగిలేది ఒకరినొకరు చూసుకోవడమే. దీనికి ఆయన పెట్టిన పేరును తెలుగులో 'నైపుణ్యం జారిపోవడం' అనుకోవచ్చు. తర్వాత తన సహచరులతో కలిసి దశాబ్దానికి పైబడిన డేటాతో రాసిన ఇంకో వ్యాసానికి మంద నడక అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఆ పేరు నాకు నచ్చలేదు. వ్యాసం నచ్చింది.

అయొవా రైతుకూ మా మామకూ తేడా ఎక్కడుందో ఆలోచిస్తే నాకు తోచింది ఇది. అయొవా రైతు ముందున్నవి రెండే: పాత గింజ, హైబ్రిడ్. పైగా 1920 నుంచీ రాష్ట్రస్థాయిలో దిగుబడి పరీక్షలు జరిగేవి. మా మామ ముందు? 2012 నాటికి దేశంలో అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్లు వెయ్యి దాటాయి. అవే కొద్ది జన్యువులు, వెయ్యి పేర్లు, వెయ్యి రంగుల ప్యాకెట్లు. ఈ ఏడు నాటి చూసుకుని, బాగుందని తేల్చుకునేసరికి వచ్చే ఏడు ఆ పేరు దుకాణంలో దొరుకుతుందో లేదో తెలియదు. పంట బాగుంటే గింజ వల్లో, వాన వల్లో, మందు సమయానికి కొట్టడం వల్లో విడదీయడం యూనివర్సిటీకే కష్టం. నాలుగెకరాల్లో ఏటా ఒక్కసారి మాత్రమే దొరికే శాంపిల్‌తో మా మామ ఏం నేర్చుకుంటాడు? మా ఉద్యోగాల్లో జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ఎంచుకునేది కూడా గిట్‌హబ్‌లో ఎన్ని నక్షత్రాలున్నాయో చూసే. కోడ్ చదివి ఎంచుకున్నామని బయటికి చెబుతాం. తప్పయితే మాకు ఒక స్ప్రింట్ పోతుంది, మామకు ఒక సంవత్సరం పోతుంది.

బిక్‌చందానీ, హిర్ష్‌లీఫర్, వెల్ష్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1992లో దీని గణితం తేల్చారు. ఒక్కొక్కరి దగ్గర కొద్దిపాటి సొంత సమాచారం మాత్రమే ఉండి, ముందువాళ్ళు ఏం చేశారో కనిపిస్తూ ఉంటే, కొంతమంది తర్వాత వచ్చే ప్రతివాడూ తన సమాచారాన్ని పక్కనపెట్టి ముందువాళ్ళను అనుసరించడమే తెలివైన పని అవుతుంది. ఎవరూ మూర్ఖులు కాకుండానే ఊరంతా తప్పు గింజ నాటొచ్చు. చక్కటి లెక్క. కానీ అందులో మా అత్త మాట లేదు. ఆ లెక్కలో నష్టం అంటే డబ్బే. ఊళ్ళో నష్టం రెండు రకాలు. అందరితోపాటు పోతే అది కాలం. ఒక్కడే పోతే అది తప్పు. అందరి పంటా పోతే అప్పిచ్చిన షావుకారు కూడా ఒక ఏడాది ఆగుతాడు, మండలానికి నష్టం రాయడానికి అధికారి వస్తాడు. ఒక్కడి పంట పోతే ఎవరు వస్తారు? గుంపులో గోవింద కొట్టేవాడిని చూసి నవ్వుతాం గానీ, ఆ గుంపు అతనికి ఇన్సూరెన్స్. వేరే ఇన్సూరెన్స్ లేని చోట దాన్ని మంద బుద్ధి అనడం నాకు చేతకాదు.

ఇలా అన్నాక గుంపును నెత్తిన పెట్టుకుంటున్నానని కూడా అనుకోవద్దు. ఆ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరి జేబులోకి పోతుందో వరంగల్ ఆటోల వెనక రాసి ఉంటుంది. ఏ మండలానికి వెళ్ళినా గోడల మీద, ఆటోల మీద పోస్టర్లు: నడుమెత్తు పత్తి చేనులో తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ రైతు, కింద ఆయన పేరు, ఊరు, ఎన్నెకరాలు, ఎన్ని క్వింటాళ్ళు, కొన్నిసార్లు ఫోన్ నంబరు కూడా. సినిమా హీరో బొమ్మ కన్నా ఇది బాగా పనిచేస్తుందని కంపెనీలకు తెలుసు. అయొవాలో సేల్స్‌మన్ చెప్పేవాడు, పొరుగువాడు నమ్మించేవాడు. ఇక్కడ పొరుగువాడినే పోస్టర్ ఎక్కించారు. మా ఊరి పెద్ద రైతు చేను గట్టున కూడా కంపెనీ జెండాలు కట్టి, భోజనాలు పెట్టి, వ్యాన్లలో చుట్టుపక్కల రైతుల్ని తెచ్చి చూపించారని, ఆ పన్నెండు క్వింటాళ్ళ మాట ఊళ్ళోకి వచ్చింది ఆ భోజనాల్లోంచేనని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నిజంగానే పన్నెండు వచ్చి ఉండొచ్చు. బోర్ల సంగతి మాత్రం పోస్టర్ మీద పట్టలేదు.

ఈలోగా పురుగు తన పని తాను చేసుకుపోయింది. గులాబీ రంగు పురుగు మొదటితరం బీటీకి లొంగడం లేదని గుజరాత్‌లో బయటపడింది. మరికొన్నేళ్ళకు రెండోతరం బీటీ మీద కూడా బతకడం నేర్చుకుంది. అప్పటికి దేశంలో పత్తి నేలలో తొంభై శాతం పైగా బీటీయే. పక్కనే బీటీ కాని పత్తి కొన్ని వరసలు వేయాలని, పురుగుకు నిరోధం రాకుండా అది కాపాడుతుందని నియమం ఉండేది. దానికోసం ప్యాకెట్‌తోపాటు చిన్న పొట్లం కూడా ఇచ్చేవారు. మా ఊళ్ళో ఆ పొట్లం నాటినవాణ్ణి నేను చూడలేదు. అదీ పొరుగువాడిని చూసే: అతను నాటలేదు, నేనెందుకు నాటాలి? నలుగురినీ చూసి కొనే అలవాటుకు ఇంత చరిత్ర రాశారు, నలుగురినీ చూసి మానేసిన దాని గురించి పెద్దగా ఎవరూ రాసినట్టు లేదు.

మామ ఇప్పుడు సేద్యం చేయడం లేదు, మోకాళ్ళు సహకరించవు. కొడుకు చేస్తున్నాడు. వాడికి ఊరి రైతుల వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో మే నెలంతా ప్యాకెట్ల ఫోటోలే. కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు ఫోన్ నా ముందు పెట్టి, "బావా, నువ్వయితే ఏం పెడుతవ్?" అని అడిగాడు. ఆ పక్కనే మంచంలో మామ పడుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకునే ఉన్నా నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. ప్యాకెట్లన్నీ ఒక్కొక్కటిగా చూశాను. స్టోన్, గ్రిలికస్, రోజర్స్ వాళ్ళ నాన్న, అందరూ గుర్తొచ్చారు.

"అందరూ ఏం పెడుతున్నారు?" అన్నాను.

మంచం మీద మామ కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

"రెండెకరాలు అందరు పెట్టేది పెట్టు," అన్నాడు కొడుకుతో. "చల్కల రెండు సాళ్ళు బావ చెప్పింది పెట్టు. రెండే సాళ్ళు. ఏరినంక దేనికదే తూకం ఎయ్యి."